ఆదా అయిన నీళ్ళు ఎటు పోయాయి?

నీటి కరువు మాట ఎక్కడ ఎత్తినా రెండో వాక్యం పొదుపు గురించే ఉంటుంది. పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయండి, షవర్ కింద తక్కువసేపు నిలబడండి, బొట్టు బొట్టూ ఒడిసిపట్టండి. చేస్తే నష్టమేమీ లేదు. కాకపోతే మనుషులు నదుల నుంచి, చెరువుల నుంచి, భూగర్భం నుంచి తీసుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం సేద్యానికే పోతుంది. ప్రపంచంలోని ఇళ్ళన్నీ, నగరాలన్నీ కలిపి వాడేది ఓ 12 శాతం. మిగతాది పరిశ్రమలది. కుళాయి దగ్గర మొదలైన చర్చ కుళాయి దగ్గరే ఆగిపోతే అసలు సంగతి ఊసే ఎత్తనట్టు.

ఈ లెక్క తెలిసినవాళ్ళు చర్చను పొలానికి తీసుకెళ్తారు. అక్కడ మందు సిద్ధంగా ఉంటుంది: డ్రిప్పు, స్ప్రింక్లర్లు, కాలవలకు సిమెంటు లైనింగు. మడి నింపే పద్ధతిలో చాలా నీళ్ళు వృథా అవుతాయి, కొత్త పరికరాలు పెడితే అవి మిగులుతాయి, మిగిలినవి నదికో భూమికో దక్కుతాయి అంటారు. ప్రభుత్వాలు సబ్సిడీలిస్తాయి, అంతర్జాతీయ బ్యాంకులు అప్పులిస్తాయి, పరికరాలు అమ్మేవాళ్ళ ఉత్సాహం సరేసరి. రైతుకీ ఇష్టమే. ఇంతమందికి ఒకేసారి నచ్చే పథకం అరుదు. నా అనుమానం మొదలయ్యేది కూడా అక్కడే. ఎవరూ ఏమీ వదులుకోకుండానే నది నిండుతుందంటే, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

నా వాదన ఇది. ఎంత తోడవచ్చో ముందు హద్దు గీయకుండా పొదుపు పరికరాల మీద డబ్బు పోస్తే నీళ్ళు మిగలవు, చాలాచోట్ల ఇంకా తరుగుతాయి. వాతావరణం మారుతున్న కొద్దీ ఈ తప్పుకు చెల్లించాల్సిన మూల్యం పెరుగుతోంది.

అమెరికాలో ఎనిమిది రాష్ట్రాల అడుగున ఓగల్లాలా అనే పెద్ద భూగర్భజల నిల్వ ఉంది. దాని మీద బతికే రాష్ట్రాల్లో కాన్సస్ ఒకటి. అక్కడి పొలాల్లో నీళ్ళు చల్లే పొడవాటి యంత్రాలు గుండ్రంగా తిరుగుతుంటాయి. మొదట్లో వాటి నాజిళ్ళు బాగా ఎత్తులో ఉండేవి. గాలికీ ఎండకీ కొంత నీరు పైరును చేరకుండానే పోయేది. నాజిళ్ళను కిందికి, పైరుకు దగ్గరగా వేలాడదీస్తే ఆ నష్టం తగ్గుతుంది. ఈ మార్పుకి సబ్సిడీ ఇచ్చారు, రైతులు మార్చుకున్నారు. తర్వాత లీసా ఫైఫర్, సింథియా లిన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బోర్ల లెక్కలు తీసి చూసి, 2014లో ఫలితం ప్రచురించారు. తోడకం తగ్గలేదు. పెరిగింది.

ఇందులో రైతులు చేసిన మోసం ఏమీ లేదు. తోడుకునే హక్కు అంతకుముందు ఎంత ఉందో అంతే ఉంది. నీటికి ఫలం పెరిగింది. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఇంకాస్త భూమి తడుపుతారు, నీళ్ళు ఎక్కువ తాగినా డబ్బు ఎక్కువ తెచ్చే పంటకు మారతారు. బొగ్గును పొదుపుగా మండించే ఆవిరి యంత్రాలు వచ్చాక బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరుగుతోందని విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే రాశాడు. నూట అరవై ఏళ్ళ నాటి ఈ గమనిక నీటి శాఖల గడప ఎందుకు దాటలేదో నాకు అర్థం కాదు.

వాడకం పెరగడం ఒక ఎత్తు. దానికంటే లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. పొలానికి పెట్టిన నీళ్ళలో పైరు తాగి గాలిలోకి వదిలేది కొంత. ఆ నీళ్ళు ఆ నదీలోయకు ఇక లేనట్టే. మిగతావి కిందికి ఇంకుతాయి, లేదా పక్కనున్న వాగులోకి జారతాయి. ఇంకినవి దిగువన ఎవరి బావిలోనో ఊరతాయి. వాగులోకి జారినవి మరో కాలవ చివరి భూములకు అందుతాయి. పై పొలంలో ఇంజనీరు 'నష్టం' అని రాసుకున్నదే కింది పొలానికి ఆధారం. డ్రిప్పు పెట్టి ఆ ఊటను ఆపేసి, ఆదా అయిన నీళ్ళతో పై పొలం రైతు ఇంకో రెండెకరాలు వేశాడనుకోండి. పైన ఆయకట్టు పెరిగిందని ఫొటోలు వస్తాయి. కింద బావి ఎండుతుంది. ఆ రెంటికీ సంబంధం ఉందని ఏ కాగితం మీదా ఉండదు.

దీనికి కళ్ళకు కట్టినట్టుండే ఉదాహరణ ఆల్ అమెరికన్ కెనాల్. కొలరాడో నది నీళ్ళను కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయకు మోసుకెళ్ళే ఈ కాలవ చాలా దూరం మెక్సికో సరిహద్దు వెంబడే సాగుతుంది. దశాబ్దాల పాటు అది మట్టి కాలవ. దాని ఊట సరిహద్దు కిందుగా పారి మెక్సికాలి లోయలో బావులను నింపేది, అక్కడి చిత్తడి నేలలను బతికించేది. 2010 నాటికి సుమారు 37 కిలోమీటర్ల మేర కాంక్రీటు కాలవ కట్టారు. ఏటా 67,700 ఎకరా-అడుగులు (ఎకరా నేల మీద అడుగు లోతున నిలిచే నీళ్ళు ఒక ఎకరా-అడుగు), అంటే 8 కోట్ల ఘనపు మీటర్లకు పైగా, 'ఆదా' అయ్యాయి. ఆ నీళ్ళు ప్రధానంగా శాన్ డియేగో ప్రాంతానికి వెళ్ళాయి. మెక్సికాలి వైపు వాళ్ళు కోర్టుకెక్కితే, 2006లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి మరీ పని ముందుకు నడిపించింది. కొత్తగా ఒక్క బొట్టు పుట్టలేదు. నీళ్ళు ఒక దేశపు బావుల నుంచి మరో దేశపు కుళాయిలకు మారాయి, అంతే. దీన్ని నీటి బదిలీ అని చెప్పి ఉంటే నాకు ఇంత చిరాకు ఉండేది కాదు.

మొరాకో 2008లో మొదలుపెట్టిన హరిత ప్రణాళికలో డ్రిప్పు ఖర్చులో 80 నుంచి 100 శాతం దాకా ప్రభుత్వమే భరించింది. డ్రిప్పు విస్తరించింది, ఎగుమతులు పెరిగాయి, చాలా ప్రాంతాల్లో భూగర్భజలాలు మాత్రం దిగుతూనే పోయాయి. ఎందుకంటే డ్రిప్పుతో పాటు పంటలూ మారాయి. గోధుమ, బార్లీ వేసే నేలల్లో పండ్లతోటలు లేచాయి. దీని ప్రభావం తోడకం లెక్కలతో పోదు. కరువు వచ్చిన ఏడాది గోధుమ వేయకుండా ఊరుకోవచ్చు, నష్టం ఆ ఒక్క ఏటిది. పదేళ్ళు పెంచిన తోటకు ఈ ఏడు నీళ్ళు లేవని చెప్పలేం. చెట్టు చచ్చిపోతుంది. కాబట్టి కరువులోనే బోర్లు మరింత లోతుకు దిగుతాయి. కాలిఫోర్నియా బాదం తోటల కథా ఇదే. వాన ఎప్పుడు కురుస్తుందో తెలియని కాలంలోకి అడుగుపెడుతూ, ఏ ఏడూ నీళ్ళు ఆపడానికి వీల్లేని పంటల్లోకి మారడం నాకు వెర్రిగా కనిపిస్తుంది.

వాన సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. ప్రపంచం మొత్తం మీద కురిసే సగటు వాన మాత్రం డిగ్రీకి 1 నుంచి 3 శాతమే పెరుగుతుంది. అంటే గాలి ఎక్కువ మోయగలదు, ఏడాది మొత్తమ్మీద దించేది ఆ స్థాయిలో పెరగదు. అందుకే కురిసినప్పుడు కుండపోత, కురవనప్పుడు పొడవాటి ఎండ. కుండపోతగా కురిసిన వాన ఇంకదు, కొట్టుకుపోతుంది. మధ్యలో వచ్చే ఎండ రోజుల్లో వేడిగాలి నేలలోంచి, ఆకుల్లోంచి తేమను ఎక్కువగా లాగేస్తుంది. ఏడాది మొత్తం వానలో మార్పేమీ లేకపోయినా పైరుకు నీటి అవసరం పెరుగుతుంది. కొండల మీద మంచు తొందరగా కరిగిపోతే వేసవి చివర్లో నదికి నీళ్ళు అందవు. 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే 1.5 డిగ్రీలు దాటింది. ఇదంతా ఎప్పుడో జరగబోయేది కాదు.

నది నమ్మకం లేనిదైనప్పుడు రైతు బోరు వైపు చూస్తాడు. భూగర్భజలం కరువులో ఆదుకునే నిల్వ. మంచి ఏళ్ళలో కూడా దాన్ని తోడేసుకుంటే చెడ్డ ఏడు వచ్చేసరికి అడుగంటి ఉంటుంది. 1993 నుంచి 2010 వరకు ప్రపంచం సుమారు 2,150 గిగాటన్నుల (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) భూగర్భజలం తోడేసిందని ఒక అంచనా. ఆ బరువు నేల కింద నుంచి సముద్రంలోకి మారడంతో భూమి తిరిగే ధ్రువం దాదాపు 80 సెంటీమీటర్లు జరిగిందని 2023లో కొరియా శాస్త్రవేత్తల నాయకత్వంలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. బోరు మోటార్లు భూమి ఇరుసునే కదిలించాయి. నాకు దీనికంటే పెద్ద హెచ్చరిక అక్కర్లేదు.

ఇక్కడే సోలార్ పంపుల ప్రస్తావన తేవాలి, ఎవరికీ నచ్చకపోయినా. డీజిల్ పంపు తీసేసి సోలార్ పెడితే పొగ తగ్గుతుంది, రైతుకు ఖర్చు తగ్గుతుంది. ఆ రెండూ మంచివే. కానీ డీజిల్ బిల్లు తెలియకుండానే ఒక హద్దుగా పనిచేసేది. గంట ఎక్కువ నడిపితే జేబుకు తెలిసేది. సోలార్ బిగించాక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిపినా అదనంగా పైసా ఖర్చుండదు. కర్బన లెక్కలో లాభం, నీటి లెక్కలో నష్టం. రెండు లెక్కలూ రెండు వేర్వేరు శాఖల దగ్గర ఉంటే ఎవరి నివేదికలో వాళ్ళు విజయమే రాసుకుంటారు.

ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లోనూ ఇదే లోపం కొంత కనిపిస్తుంది. ఆరో లక్ష్యం నీటిది. అందులో 6.4 కింద రెండు సూచికలున్నాయి. ఒకటి ఘనపు మీటరు నీటికి ఎంత ఆదాయం వస్తోందని చూస్తుంది. రెండోది ఉన్న మంచినీటి వనరుల్లో ఎంత శాతం లాగేస్తున్నామని చూస్తుంది. మొదటిది 2015 తర్వాత పెరుగుతూ వచ్చింది. రెండోది ప్రపంచ సగటున 18 శాతం దగ్గరే ఉండిపోయింది. ఆ సగటు కూడా నీళ్ళు పుష్కలంగా ఉన్న దేశాలనూ ఎండిపోతున్న దేశాలనూ కలిపేసి తీసింది. ఒక దేశంలో సేద్యం అలాగే ఉండి, సాఫ్ట్‌వేర్, బ్యాంకింగ్ పెరిగాయనుకోండి. మొదటి సూచిక చక్కగా మెరుగుపడుతుంది. నదికి మాత్రం ఒరిగేది సున్నా.

ఇంత చెప్పానని డ్రిప్పుకు వ్యతిరేకినని అనుకోవద్దు. దిగుబడి పెరుగుతుంది, ఎరువు నేరుగా వేరుకు అందుతుంది, కలుపు తగ్గుతుంది, కూలి ఖర్చు తగ్గుతుంది. నిజంగానే నీళ్ళు మిగిలే సందర్భాలూ ఉన్నాయి. వదిలేసిన నీరు ఉప్పు సముద్రంలోకో, ఎవరూ వాడలేని ఉప్పునేలలోకో పోతున్నచోట దాన్ని ఆపితే అది అసలైన ఆదా. సముద్రతీర నగరాల్లో కారిపోయే పైపులు బాగుచేయడమూ అంతే. ఇజ్రాయెల్ మురుగునీటిలో 90 శాతం దాకా శుద్ధిచేసి ఎక్కువగా సేద్యానికే వాడుతోంది. నమీబియా రాజధాని విండ్‌హూక్‌లో 1968 నుంచి మురుగునీటిని శుద్ధిచేసి నేరుగా తాగునీటిలో కలుపుతున్నారు. కేప్‌టౌన్ ఎలా గట్టెక్కిందో కూడా చూడాలి. 2018లో కుళాయిలు ఆగిపోయే రోజు దగ్గర పడుతుంటే మనిషికి రోజుకు 50 లీటర్లని కట్టడి పెట్టారు. నగరం వాడకాన్ని సగానికి పైగా తగ్గించుకుంది. అక్కడి జనం మనకంటే మంచివాళ్ళని కాదు. ఎంతలో సరిపెట్టుకోవాలో అందరికీ ఒకే అంకె తెలుసు, దాటితే ఏమవుతుందో కూడా తెలుసు.

కాన్సస్‌కే తిరిగి వెళ్దాం. ఆ రాష్ట్రపు వాయవ్యంలో షెరిడన్ 6 అని పిలిచే చిన్న ప్రాంతంలో రైతులు తమ నీటిమట్టం ఎటు పోతోందో చూసి, తామే కూర్చుని 2013లో ఒక కోటా పెట్టుకున్నారు. ఐదేళ్ళకు కలిపి ఎకరానికి 55 అంగుళాల లోతు నీళ్ళు. అంతకుముందు వాడకంతో పోలిస్తే సుమారు 20 శాతం కోత. ఏ ఏడు ఎంత వాడుకోవాలన్నది రైతు ఇష్టం. ఐదేళ్ళ మొత్తం మాత్రం దాటకూడదు. ఈ వెసులుబాటు నాకు బాగా నచ్చింది, ఎండ ఎక్కువున్న ఏడు ఎక్కువ పెట్టి వానలున్న ఏడు తగ్గించుకోవచ్చు. తోడకం నాలుగో వంతు కంటే ఎక్కువే తగ్గింది. దిగుబడి కొంచెం తగ్గినా విత్తనం, ఎరువు, కరెంటు ఖర్చులూ తగ్గాయి కాబట్టి లాభం దెబ్బతినలేదని అక్కడి విశ్వవిద్యాలయం లెక్కల్లో తేలింది. గడువు ముగిశాక రైతులు ఆ కోటాను కొనసాగించుకున్నారు. నేలలో తేమ కొలిచే పరికరాలు, మెరుగైన నాజిళ్ళు అక్కడ నిజంగా పనికొచ్చాయి. సాంకేతికత అదే, రాష్ట్రం అదే, కింద ఉన్న నీరూ అదే. ముందు హద్దు, తర్వాత పరికరం. తేడా ఆ వరసలోనే ఉంది.

పట్టుబట్టి హద్దు పెడితే భూగర్భం ఎంతగా కోలుకుంటుందో టోక్యోలో తెలిసింది. ఫ్యాక్టరీలు తోడేయడం వల్ల నగరపు పల్లపు ప్రాంతాల్లో కొన్నిచోట్ల నేల 4 మీటర్లకు పైగా కుంగింది. 1956 నుంచి చట్టాలతో తోడకాన్ని కట్టడి చేశారు, 1970ల్లో కుంగడం దాదాపు ఆగింది. ఆ తర్వాత నీటిమట్టం ఎంత పైకి వచ్చిందంటే, భూమి లోపల కట్టిన ఉయెనో రైల్వే స్టేషన్‌ను కింది నీరు పైకి నెట్టడం మొదలెట్టింది. స్టేషన్ తేలిపోకుండా బరువులు పెట్టి, నేలలోకి యాంకర్లు దించాల్సి వచ్చింది. ఇలాంటి సమస్య వస్తే సంబరపడే నగరాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి.

హద్దు పెట్టడంలో కూడా తప్పులు చేయొచ్చు. మొదటి తప్పు దాన్ని ఒకచోట పెట్టి పక్కన వదిలేయడం. సౌదీ అరేబియా ఎడారి కింద వేల ఏళ్ళ నాటి నీళ్ళు తోడి గోధుమ పండించి, ఒక దశలో ప్రపంచంలోనే పెద్ద ఎగుమతిదారుల్లో ఒకటిగా నిలిచింది. నీళ్ళు అడుగంటుతుంటే 2008లో వెనక్కి తగ్గాలని నిర్ణయించి, 2016 నాటికి దేశీయ గోధుమ కొనుగోలు ఆపేసింది. మంచి నిర్ణయమే. కానీ పశువుల మేత కోసం ఒక సౌదీ పాడి సంస్థ అమెరికాలోని అరిజోనాలో భూములు తీసుకుని, అక్కడి నీళ్ళు తోడి అల్ఫాల్ఫా గడ్డి పెంచి ఎగుమతి చేసుకుంది. అరిజోనాకు 1980 నుంచి భూగర్భజల చట్టం ఉంది, కానీ అది ఎంపిక చేసిన ప్రాంతాలకే. ఆ గడ్డి పెరిగింది చట్టం వర్తించని నేలలో. 2023లో అరిజోనా ప్రభుత్వం ఆ సంస్థకిచ్చిన ప్రభుత్వ భూముల లీజుల్ని రద్దు చేయడం మొదలుపెట్టింది. విదేశీ కంపెనీ కాబట్టి గొడవ అయింది. పక్క పొలంలో స్వదేశీ రైతు తోడుతున్నదీ ఆ నీళ్ళే.

రెండో తప్పు న్యాయానికి సంబంధించింది. కోటాలు సాధారణంగా పాత వాడకాన్ని బట్టి ఇస్తారు. అంటే ఇన్నాళ్ళూ ఎక్కువ తోడినవాడికి ఎక్కువ హక్కు, బోరు వేసే స్తోమత లేక ఊరుకున్నవాడికి ఏమీ లేదు. ఎంత చెట్టుకు అంత గాలి అని సర్దుకుపోవడానికి ఇది గాలి కాదు, తిండి. కోటా వద్దనేవాళ్ళు పేద రైతు పేరు చెప్పడం మామూలే. హద్దు లేనిచోట మొదట ఎండేది లోతు తక్కువున్న వాడి బోరే అన్న సంగతి మాత్రం వాళ్ళు చెప్పరు. నన్నడిగితే తాగునీరు, ఒక కుటుంబం బతకడానికి సరిపడా సేద్యపు నీరు ముందు పక్కన పెట్టి, కోతంతా ఆ పైన వాడే నీటికి వేయాలి. సబ్సిడీ కూడా ఆ కోత ఒప్పుకున్నవాళ్ళకే ఇవ్వాలి. డ్రిప్పు తీసుకుంటావా, మీటరు పెట్టుకో, ఆదా అయినంత మేర నీ హక్కులోంచి నదికి రాసిచ్చేయ్. ఆ మాట అన్న రోజు ఈ పథకాలకు ఇప్పుడున్నంత మంది అభిమానులు ఉండరని నాకు తెలుసు.

మూడోది, వాతావరణ మార్పు వల్ల ఇప్పుడు అన్నిటికంటే పెద్దదైన తప్పు: మారే నదికి మారని అంకె రాయడం. 1922లో ఏడు అమెరికా రాష్ట్రాలు కొలరాడో నదిని పంచుకున్నాయి. ఎగువకు 75 లక్షల ఎకరా-అడుగులు, దిగువకు 75 లక్షలు. 1944 ఒప్పందంతో మెక్సికోకు మరో 15 లక్షలు. మొత్తం 1 కోటి 65 లక్షలు. ఒప్పందానికి ముందున్న ఏళ్ళు మామూలు కంటే బాగా వానలు పడినవి. 2000 తర్వాత ఆ నదిలో సహజంగా పారుతున్నది సగటున 1 కోటి 25 లక్షల దరిదాపుల్లో ఉంది. కాగితం మీద నది పెద్దది, నేల మీద చిన్నది. ఆ తేడాను ఇన్నేళ్ళూ జలాశయాల నిల్వ నుంచి, భూగర్భం నుంచి పూడ్చారు.

స్పెయిన్‌లోని వలెన్సియాలో టురియా నది కాలవల రైతులు శతాబ్దాల క్రితమే ఇంకో దారి పట్టారు. వాళ్ళ కాలవలకు లీటర్ల లెక్క లేదు, పారుతున్న నదిలో వంతు ఉంటుంది. నది తగ్గితే అందరి వంతూ కలిసి తగ్గుతుంది. తగాదాలు వస్తే ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి తలుపు దగ్గర రైతులు ఎన్నుకున్న న్యాయాధిపతులు కూర్చుని, లాయర్లు లేకుండా నోటిమాటగానే తీర్పు చెబుతారు. 2009లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితాలో పెట్టి దండం పెట్టుకోవడానికే పరిమితం కావడం నాకు నచ్చదు. అందులో నేర్చుకోవాల్సింది తలుపు దగ్గర కూర్చోవడం కాదు, వంతుల లెక్క.

కొలరాడో వాళ్ళూ ఇప్పుడు ఆ వంతుల దగ్గరికే వస్తున్నారు. 2007లో రాసుకున్న తాత్కాలిక నిబంధనలు 2026తో ముగుస్తాయి. వాటి స్థానంలో, గడిచిన మూడేళ్ళలో నది నిజంగా ఎంత పారిందో సగటు తీసి దాన్ని బట్టి ఎగువా దిగువా పంచుకుందామన్న ఆలోచన 2025లో చర్చకు వచ్చింది. వంద ఏళ్ళు పట్టినా సరైన ప్రశ్న అడిగారు. అయితే ఎవరికి ఎంత శాతం అన్నచోట పేచీ తెగలేదు, 2025 నవంబరు గడువు ఒప్పందం లేకుండానే దాటిపోయింది. ఎగువ రాష్ట్రాలు మేం ఇప్పటికే మాకు రాసిన దానికంటే తక్కువ వాడుతున్నాం అంటాయి. దిగువ రాష్ట్రాలు మేం ఇప్పటికే కోతలు భరించాం అంటాయి. రెండూ నిజమే.